కొక్కెపుసూది చరిత్రము

రాజోలు సీమలో మధ్యతరగతి గృహమున కేగినవారికి ముందుగదిలో కుర్చీవీపులమీదనో, బల్లమీదనో, దూరదర్శన యంత్రముమీదనో తెల్లని లేసుగుడ్డ యొకటి కనబడును. నడుమ నొక పెద్దపువ్వు, దానిచుట్టు చిన్నపువ్వులు, అంచున అలలవంటి వంపులు. ఇది యెచ్చట కొన్నారని యడిగితిమేని గృహిణి నవ్వి, "కొనడమెందుకండీ? మా అత్తగారు తీరిక వేళల్లో అల్లుకున్నది" అని చెప్పును. ఆ తీరిక యను మాటను మనమెవ్వరమును పరీక్షించి చూడలేదు. తీరిక వేళ నల్లబడినవని మనమనుకొను నీ గుడ్డలే నూరేండ్లకు పైబడి ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా దేశములకు ఓడలమీద పోయినవి. వాటిని కొన్నవారున్నారు, అమ్మినవారున్నారు, అమ్మి మేడలు కట్టినవారున్నారు. అల్లిన చేతులకు మాత్రము మనము పెట్టిన పేరు తీరిక. ఈ సంగతి యెట్లు సంభవించినదో కొంచెము పూర్వమునుండి చెప్పవలసియున్నది.

రాజోలునుండి దిగువకు పోయి సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కినయెడల వశిష్ఠ గోదావరి దాటి నరసాపురము చేరుదుము. పంటు దిగు చోటికి మాధవాయిపాలెమని పేరు. నిత్యము వందలమంది యచ్చట దిగి, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు దింపుకొని పోవుదురు గాని, ఈ చిన్న పాలెము పేరు యూరపుఖండపు నిఘంటువుల కెక్కియున్నదని వారిలో నెందరెరుగుదురు? పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు ఈ పాలెమున వర్తకస్థానము నెలకొల్పి, చుట్టుపట్ల సాలెవారు నేసిన తెల్లని నూలుబట్టను కొని యెగుమతి చేయుచుండిరి. మాధవాయిపాలెమను పేరు దొరల నోటబడి "మడపోలము" అయ్యెను; ఊరి పేరే బట్టకు పేరయ్యెను. పిమ్మట లాంకషైరు యంత్రములు అదే తరహా బట్టను నేసి, అదే పేరుపెట్టి, లోకమంతట అమ్మజొచ్చెను. నేసిన సాలెవాని మగ్గము మూలబడెను. ఊరి పేరు మాత్రము బట్టలమూటలమీద దేశదేశములు తిరిగెను. నదీతీరమున నేసిన వస్తువొకటి విదేశమునకు పోయి పేరు మిగిల్చి పనిని పోగొట్టిన కథ యిది. లేసు కథ దీనికి విపర్యయము. అది విదేశమునుండి వచ్చి, ఇచ్చట పని నిలుపుకొని, పేరు కొరకు నూరేండ్లకు పైగా కాచుకొనియున్నది.

లేసు మనదేశపు విద్య కాదు. పదునారవ శతాబ్దమున ఇటలీలోను ఫ్లాండర్సులోను అది వృద్ధిపొందెను. సూదితో కుట్టునది యొకటి, చిన్న కదుళ్లకు దారము చుట్టి దిండుమీద పెనవేయునది యొకటి. ఒకే కొక్కెపుసూదితో ఒకే దారమును గొలుసులు గొలుసులుగా నల్లునది మూడవది. మన నరసాపురపు పని యిదియే. మూడింటిలోను ఇదియే చిన్నది, ఇదియే పేదలది. మొదటి రెంటికి ఏండ్లకొలది అభ్యాసము కావలయును. కొక్కెపుసూదికి సామగ్రి యనగా సూది, దారము, రెండు చేతులు, అంతియే. అరుగుమీద కూర్చుండియు, పొయ్యి ప్రక్కన కూర్చుండియు, బిడ్డను ఒడిలో నిడుకొనియు అల్లవచ్చును. 1845 మొదలు ఐర్లండులో ఉర్లగడ్డ పంట చెడి ఘోరక్షామము కలిగినప్పుడు క్రైస్తవ సన్యాసినులు పేదస్త్రీల కీ యల్లికనే నేర్పి కొందరి ప్రాణములు నిలిపిరి. క్షామమునకును కొక్కెపుసూదికిని గల యీ చుట్టరికమును చదువరులు జ్ఞాపకముంచుకొన వేడెదను.

ఇక స్కాట్లండు సంగతి. ఆ దేశపు పడమటితీరమున ఎయిర్ అను పట్టణము కలదు. 1814 ప్రాంతమున అచ్చట జేమీసన్ అను నూలువర్తకుని భార్య యొకతె యుండెను. ఒక ప్రభుకుటుంబపు స్త్రీ, పరదేశమునుండి తెచ్చిన శిశువు జ్ఞానస్నానపు అంగీ నొకదానిని ఆమెకు చూపనిచ్చెను. దానిమీది పువ్వుల నడుమ బట్టను కత్తిరించి, ఆ రంధ్రములలో సాలెగూటివంటి లేసును నింపియుండిరి. జేమీసన్ భార్య ఆ పనిని కన్నులార చూచి, విప్పి యోచించి, తాను నేర్చుకొని, చుట్టుపట్ల గ్రామముల స్త్రీలకు నేర్పెను. సన్నని మస్లిను బట్టమీద నమూనా నచ్చువేసి యింటింటికి పంపుట, స్త్రీలు కుట్టిన పిమ్మట నేజంటు తిరిగి తీసికొనిపోవుట, గ్లాస్గో వర్తకులు దానిని యూరపునకు, అమెరికాకు అమ్ముట. ఇట్లొక పెద్ద పరిశ్రమయే పుట్టెను. ఒక స్త్రీ బుద్ధిచే నింత పని జరిగినదనుట నిజము. అయినను ఆమెను లోకము భర్తపేరుతోనే జ్ఞాపకముంచుకొన్నది. ఆమె నేర్పిన వేలాది స్త్రీలకు ఆ పాటి పేరైనను దక్కలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై దూది రాక నిలిచిపోగా, స్విట్జర్లండు కుట్టుయంత్రములు ఆ పనినే చౌకగా చేయగా, ఆ పరిశ్రమ క్షీణించెను.

అదే తీరమునకు సమీపమున పేస్లీ యను మరియొక పట్టణము కలదు. కాశ్మీరపు శాలువలు దొరసానులకు ప్రీతిపాత్రములగుట చూచి ఆ యూరి నేతవాండ్రు వాటికి నకళ్లు నేసిరి. ఆ శాలువలమీది మామిడిపిందెను మన పట్టుచీరల యంచులలో చూడని గృహిణి లేదు. ఆ పిందెకు నేడు పాశ్చాత్యదేశములలో పేస్లీ యనియే పేరు! కాశ్మీరపు నేతగాని పిందె స్కాట్లండు ఊరిపేరు ధరించి తిరుగుచున్నది. నెపోలియను యుద్ధములలో పట్టుదారము దొరకకపోగా నూలుతో నునుపైన కుట్టుదారము చేసినదియు ఈ పేస్లీవారే. 1826లో అచ్చట మిల్లు పెట్టిన కోట్సు కుటుంబమువారు తరువాత లోకమంతట దారము అమ్మిన వర్తకులలో అగ్రగణ్యులైరి. కాబట్టి స్కాట్లండునుండి యొక కుటుంబము ఆ కాలమున బయలుదేరినదన్నచో, నమూనా, దారము, ఇంటింటి పని యను మూడు సంగతులును ఎరిగిన దేశమునుండి వచ్చినదని గ్రహింపవలెను.

నరసాపురమున పరంపరగా చెప్పుకొనునది యేమనగా, స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు 1844లో గోదావరీతీరమున దుమ్ముగూడెములో మనస్త్రీలకు లేసుపని నేర్పిరని. దుమ్ముగూడెపు మిషను స్థాపింపబడినది 1860 ప్రాంతమున. కావున జ్ఞాపకములో ఊరో యేడో కొంచెము జరిగియుండును. అయినను 1844 అను సంవత్సరమును జనులు పట్టుకొనుట యర్థములేనిది కాదు. ఆ కాలమున గోదావరీమండలము ఎట్లుండెనో చూడుడు. నందననామ సంవత్సరపు కరవు, దానివెంట మరికొన్ని కరవులు, తుపానులు మన సీమను పాడుచేసెను. 1821లో రాజమహేంద్రవరము జిల్లాలో 7,38,000 మంది యుండగా 1841 నాటికి 5,61,000 మందియే మిగిలిరి. 1844లోనే సర్ హెన్రీ మాంట్గొమరీ జిల్లా దురవస్థను విచారించి నివేదిక వ్రాసెను. ఆ యేడే కాటనుదొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు తెలిపెను. అంతకు పూర్వమే, 1836లో, బౌడెను, బీరు అను మిషనరీ లిరువురు గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున ఉండిరి. వారు ఇంగ్లండులోని డెవను సీమవారు. 1840లో విక్టోరియా రాణి పెండ్లిదుస్తులకు లేసు అల్లినది ఆ సీమవారే. ఇట్లు ఒక ప్రక్క కరవు, ఒక ప్రక్క లేసు నెరిగిన దొరలు. రాణి లేసు ధరించుటచే పాశ్చాత్యదేశములలో గిరాకి పెరిగెను. ఇచ్చట కూటికి లేని చేతు లుండెను.

మన రాజోలువారికి ఇందులో మరియొక చుట్టరికము కలదు. మన తాలూకా పూర్వము నగరము తాలూకా యనబడెడిది. వశిష్ఠ, వైనతేయ పాయలనడుమ ద్వీపమై, చుట్టు నీరుండియు సేద్యమునకు నీరులేక యుండెను. హేగు అను యువక ఇంజనీరు గన్నవరము చెంత వైనతేయమీద 49 కమానులతో అక్విడక్టు కట్టించి, 1853 నాటికి కాలువను నదిపై నుండి నడిపించి మన ద్వీపమునకు తెచ్చెను. దుమ్ముగూడెపు మిషను పుట్టుటకు మూలపురుషుడును ఆ హేగే. కాలువను తెచ్చిన దొర పేరు మనకు తెలియును. లేసు తెచ్చిన దొరసాని పేరును, వంశనామమాత్రముగ నైనను, తెలియును. కమానులకు సున్నము మోసిన కూలిస్త్రీల పేర్లు మాత్రము మనమెరుగము.

మిషనువారు ఈ పనిని మొదట క్రైస్తవమతము పుచ్చుకొన్న పేదస్త్రీలకు నేర్పి, అల్లినదానిని స్వదేశమున మిత్రులకు పంపి, వచ్చిన సొమ్ము వారి కిచ్చుచుండిరి. అది ధర్మకార్యముగ మొదలైనది. క్రమముగా నరసాపురపు వర్తకులు ఇది లాభమార్గమని కనిపెట్టిరి. ఇరువదవ శతాబ్దారంభమున గోదావరీప్రాంతమున రెండువేలకు పైగా స్త్రీలు లేసు అల్లుచుండిరి. సరకు విదేశములకు పోవుచుండెను. క్రైస్తవస్త్రీల చేతినుండి సూది కాపుస్త్రీల చేతికి, తదితరుల చేతికి వచ్చెను. దీనికి ముఖ్యకారణము ఘోషా. పొలమునకు పోయి పనిచేసిన పరువు తక్కువ. ఇంట కూర్చుండి అల్లిన తక్కువ లేదు. వర్తకునికి ఇంతకంటె నేమి కావలయును? షెడ్డు కట్టనక్కరలేదు, దీపము పెట్టనక్కరలేదు, పనిగంటల లెక్క అక్కరలేదు. పైపెచ్చు, కొక్కెపుసూది గొలుసును అచ్చముగా నల్లు యంత్రము నేటివరకు ఎవ్వరును చేయలేకపోయిరి. ఎయిర్ పట్టణపు పని యంత్రముచే చచ్చినది. ఇది యంత్రము లేనందున బ్రతికినది. యంత్రము లేని పనికి లాభము రావలెనన్నచో చేయి చౌక కావలెను. మన గోదావరితీరమున ఆ చౌక చేయి దొరకెను.

ఎంత చౌకగా దొరకెనో లోకమునకు తెలిపినది మనవారు కారు. 1978, 1979 సంవత్సరములలో జర్మనుదేశీయురాలు, సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నరసాపుర ప్రాంతపు గ్రామములలో విచారణ చేసి, 1982లో లేసుస్త్రీలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆమె చూచినది యిది. స్త్రీ వంట, నీళ్లు, పశువులు, బిడ్డలు మొదలగు ఇంటిపనులన్నియు చేసికొనుచునే దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లును. కూలి గంటలకు కాదు, అల్లిన దారపు లెక్కకు. దినమంతయు అల్లినను రూపాయి చేతికి రాదు. పొలమున నాట్లు వేసి, కలుపుతీసిన దళితస్త్రీకి ఆ దినములలో ఇంతకంటె నెక్కువ కూలి వచ్చుచుండెను. అయినను ఇంట అల్లు స్త్రీ తాను కూలిదానను కాననియే గర్వించుచుండెను! ఒకతె పువ్వులు మాత్రమే అల్లును. ఒకతె వాటిని కలుపు అతుకుపని మాత్రమే చేయును. ఒకతె అంచు కట్టును. పూర్తియైన దుప్పటి యెట్లుండునో పువ్వులల్లినది చూడకపోవచ్చును. అది ఎంతకు అమ్మబడెనో ఎవ్వతెయు నెరుగదు. ఏజంట్లు, వర్తకులు, ఎగుమతిదారులు పురుషులు. వారి దృష్టిలో ఈ స్త్రీలు పనివారు కారు, ఇంట తీరిక వేళ వృథాపుచ్చక కాలక్షేపము చేయు గృహిణులు. పనివారు కానివారికి కూలిశాసన మెందులకు వర్తించును? మీస్ గ్రంథమంతయు ఈ యొక్క చిక్కును విప్పుటకే వ్రాయబడినదని చెప్పవచ్చును.

ఇచ్చట సంస్కారప్రియులమైన మనమును కొంచెము తల వంచవలసియున్నది. 1874లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిన నాటినుండి మనము స్త్రీకి అక్షరము కావలెనంటిమి, అది వచ్చినది. కుట్టుపని, అల్లికపని స్త్రీల కలంకారమని పాఠశాలలలో నేర్పించి, బహుమతులిచ్చితిమి. ఆ పని యంగడికి పోయినప్పుడు దాని ధర యెంత, మిగులు ఎవరిది యని లెక్క అడుగుట మాత్రము ఎవ్వరికిని నేర్పలేదు. మన పత్రికలలో అల్లిక నమూనాలు ప్రకటించిన సంచికలు నేను చూచియున్నాను. అల్లిక కూలిని గూర్చి ప్రకటించిన సంచికను చూచినట్లు జ్ఞాపకములేదు.

మా మేనత్త సంగతి చెప్పెదను. ఆమె పదునెనిమిదవ యేట వైధవ్యము పొంది మా యింటికి వచ్చినది. రెండవ తరగతివరకు చదివెను. తెల్లవారుజామున పేడనీళ్లు చల్లుట మొదలు రాత్రి పొయ్యి అలుకువరకు ఇంటిపని ఆమెదే, నడుమనడుమ సూది. వారమున కొకమారు నది ఆవలినుండి ఏజంటు పంటు దాటి సైకిలుమీద వచ్చి దారపుండలిచ్చి, అల్లినది తీసికొనిపోవును. ఉండ యొక్కింటికి ఇంతయని బేరము. మా దొడ్డిలో నందివర్ధనపు చెట్టుండెను. ఆ పువ్వు రేకులు తిన్నగా విచ్చుకొనక, గాలికి తిరిగినట్లు అన్నియు నొకే ప్రక్కకు వంగియుండును. ఒక వేసవిలో మా యత్త ఆ పువ్వును కోసి గడపమీద పెట్టుకొని, ఎప్పుడును అల్లు తిన్నని రేకుల పువ్వును మార్చి, రేకులు వంగునట్లు అల్లెను. మూడుదినములు అల్లుట, విప్పుట, నాల్గవదినమున కుదిరెను. ఏజంటు చూచి, "బాగుందమ్మా" అని నమూనాగా పట్టుకొనిపోయి, ఒక యుండ కూలి యిచ్చెను.

రెండేండ్లు గడచిన పిమ్మట ఆ ఏజంటే ఒక పొట్లము విప్పి, చీటీ కట్టిన లేసుముక్క యొకటి ఆమె చేతిలో పెట్టి, "దొరల దగ్గరనుంచి వచ్చిన నమూనా అమ్మా, ఒక్క గొలుసు తేడా రాకూడదు" అనెను. నేను ప్రక్కనే యెక్కములు వ్రాసికొనుచుంటిని. అత్త దానిని త్రిప్పి చూచి, "ఈ పువ్వు మా పెరట్లోదండీ" అన్నది. ఆతడు నవ్వెను. ఆతడు దుర్మార్గుడు కాడు; ఆతనికిని ఆ పువ్వు ఎక్కడినుండి ఎక్కడికి పోయి తిరిగివచ్చెనో తెలియదు. అత్త మరి మాటాడక, దారము కొక్కెమునకు తగిలించి, ఒక్క గొలుసు తేడా రాకుండ తన పువ్వునకే నకలు అల్లెను.

ఆమె పోయిన తరువాత పెట్టెలో పాతపంచాంగములు కనబడినవి. ప్రతి పుట యంచునను పెన్సిలుతో నిలువుగీతలు. అల్లిన యుండ యొక్కింటికి ఒక గీత. నేను నాలుగేండ్ల పంచాంగములు త్రిప్పి చూచితిని. గీతలు లేని దినములు సంక్రాంతి మూడుదినములు, ఇంట తద్దినములు, ఆమెకు జ్వరము వచ్చిన కొన్ని దినములు. తక్కిన దినములన్నియు మనము తీరిక యనుచున్న దినములే.

ఇటీవలి కాలమున కొంత మార్పు వచ్చినది. యంత్రముమీద నేసిన చీనాదేశపు చౌక లేసు విపణిలో నిండి, నరసాపురపు బేరము సన్నగిల్లెను. స్త్రీలు సహకార సంఘములుగా నేర్పడి, అవి యలంకృతి యను సమాఖ్యగా కూడినవి. ఆ సమాఖ్య ప్రయత్నముచే 2024లో నరసాపురపు లేసునకు భౌగోళికచిహ్నపు గుర్తింపు లభించినది. అనగా గోదావరీతీరమున పశ్చిమగోదావరి, డాక్టరు బి. ఆర్. అంబేద్కరు కోనసీమ జిల్లాలలోని 19 మండలములలో చేతితో అల్లినదానికి తప్ప మరియొకదానికి నరసాపురపు లేసని పేరు పెట్టి అమ్మరాదు. పదునైదువేలకు పైగా స్త్రీలు ఈ పనిపై నాధారపడియున్నారు. మాధవాయిపాలెమునకు జరిగినది నరసాపురమునకు జరుగకుండ శాసనము అడ్డుపడినది. ఇది చిన్న మేలు కాదు; సంతోషింపదగినది.

అయినను చిహ్నము రక్షించునది ఊరి పేరును. కూలి నది నిర్ణయింపదు. పువ్వు నల్లినదెవ్వరో చెప్పదు. అందుకు వేరొక మార్గము మన దేశశాసనములలోనే కలదు. కొత్త రూపకల్పనను రిజిస్టరు చేయించుకొనువారికి 2000వ సంవత్సరపు డిజైనుల శాసనము మొదట పదియేండ్లును, పిమ్మట ఐదేండ్లును హక్కు నిచ్చుచున్నది. ఊరి పేరును నమోదు చేయించుటకు శ్రమపడిన సమాఖ్య, ఏటేట పుట్టు క్రొత్తపువ్వులలో పదింటినైనను, అల్లిన స్త్రీల పేర్లతో నమోదు చేయించినయెడల, ఏజంటు చేతిలోని చీటీ వేరుగా నుండును. ఇందుకు ధనము కావలెను, ఓపిక కావలెను, నమూనాలు వ్రాసియుంచు పుస్తకమొకటి కావలెను. మన చదువుకొన్న గృహిణులు సూది పట్టకున్నను ఈ పుస్తకము వ్రాయగలరు. ఇరుగుపొరుగున అల్లువారియొద్ద కూర్చుండి ఈ పువ్వు ఎవరిదని యడిగి, పేరు, ఊరు, తేది వేయగలరు.

నేను మా యింట ఆ పని మొదలుపెట్టితిని. మేనత్త పెట్టెలో నందివర్ధనపు లేసుముక్క పంచాంగముల నడుమ భద్రముగా నుండెను. దానికి కట్టిన దొరల చీటీయు చెడలేదు. సిరా వెలిసిపోయినది గాని అక్షరములు చదువవచ్చును. దానిమీద నొక సంఖ్య యున్నది. సంఖ్య క్రింద, దారపు మందము. దానిక్రింద, రేకులు ఎడమప్రక్కకు వంగవలెనని యొక ముక్క. నేను కలము తీసి చీటీ వెనుకవైపున మా యత్త పేరు వ్రాసితిని.